మధుమేహముతో జీవించిన వైద్యుడు: రాబర్ట్ డేనియల్ లారెన్సు

రెండు సంవత్సరముల క్రిందట మన వసతిగృహమున జరిగిన క్రిస్మసు విందునాడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు విస్తరిలోని అరిసెను ముట్టకుండ మా వైపు చూచెను. ఆ బాలునకు మొదటి రకపు మధుమేహము గలదు. పదియేండ్ల ప్రాయమునుండి దినమునకు నాలుగు సారులు ఇన్సులిను సూది వేసికొనుచున్నాడు. అరిసె తినవచ్చునా అని వాడు మమ్ములనడిగెను. మేము కూడదంటిమి. తెలిసి అన్నమాట కాదు, భయపడి అన్నమాట. వాడు మాఱు మాటాడక విస్తరి మడచి లేచిపోయెను. ఆ రాత్రి దీపములార్పిన పిమ్మట, తోటివాడొకడు దాచి తెచ్చియిచ్చిన రెండు అరిసెలను చీకటిలో తినెను. సూది వేసికొనినచో గుట్టు బయటపడునని సూది మానెను. తెల్లవాఱునప్పటికి వాని రక్తములోని చక్కెర 380 దాటియుండెను. దాహముతో నాలుక పిడచగట్టుకొని పోయెను. ఆ తప్పు వానిది కాదనియు, మాదేయనియు ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము.

మఱునాడు పట్టణమునకు తీసికొనిపోగా, అచ్చటి వైద్యుడు బాలుని మందలింపలేదు. మమ్ములనే కూర్చుండబెట్టి ఒక గంటసేపు పాఠము చెప్పెను. ఇరువది యేండ్లుగా పాఠములు చెప్పుచున్న మాకు అంత శ్రద్ధగా విని చాలకాలమైనది. ఆ పాఠములో మాటిమాటికి వినవచ్చిన పేరు లారెన్సు. పిదప వేసవి సెలవులలో ఆయనను గుఱించి దొరకినంత చదివితిమి. విద్యార్థులకును, తలిదండ్రులకును, అన్నిటికంటె ముందుగా వసతిగృహమును కనిపెట్టుకొనియుండు మా వంటివారికిని తెలియదగిన చరిత్రము గనుక దానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

రాబర్ట్ డేనియల్ లారెన్సుగారు 1892వ సంవత్సరము నవంబరు 18వ తేదీన స్కాట్లండు దేశములోని ఆబర్డీను పట్టణమున జన్మించిరి. ఆయనను అందఱును రాబిన్ అని పిలుచుచుండిరి. తండ్రిగారు బ్రష్షులు తయారుచేయించు వర్తకులు. కుమారుడు ఊరిలోని గ్రామరు పాఠశాలలో చదివి, ఆబర్డీను విశ్వవిద్యాలయమున ఫ్రెంచి, ఆంగ్ల భాషలలో ఎం. ఏ. పట్టము పొందెను. తరువాత లండను నగరమున ఒక బంధువుగారి బట్టల దుకాణములో పనికి కుదిరెను గాని, కొన్ని వారములలోనే ఆ పని తనకు తగదని తెలిసికొని, ఇంటికి మరలి వైద్యవిద్యలో చేరెను. ఆ విద్యలో బంగారు పతకములు గెలిచి 1916లో పట్టభద్రుడయ్యెను. హాకీ, టెన్నిసు ఆటలలో విశ్వవిద్యాలయము పక్షమున ఆడెను. పుస్తకమును ఆటస్థలమును ఒకదానికొకటి శత్రువులని తలంచు తలిదండ్రులు ఈ సంగతిని గమనింతురు గాక.

అది మొదటి ప్రపంచయుద్ధకాలము. లారెన్సుగారు సైనిక వైద్యదళమున చేరి మన దేశపు సరిహద్దున పనిచేసిరి. అచ్చట రక్తగ్రహణి పట్టుకొనగా 1919లో సేవనుండి విడుదలచేసి ఇంటికి పంపివేసిరి. ఆరోగ్యము కుదుటపడిన పిమ్మట లండనులోని కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో శస్త్రవైద్యునిగా ప్రవేశించిరి. చెవి, ముక్కు, గొంతు శస్త్రచికిత్సలో పేరు తెచ్చుకొనవలయునని ఆయన ఆశ.

ఆ ఆశను చిన్న యెముకముక్క యొకటి భగ్నము చేసెను. 1920లో ఒకనాడు చెవి వెనుకనుండు ఎముకను తొలుచు శస్త్రచికిత్సను శవముపై అభ్యసించుచుండగా, ఉలిదెబ్బకు పెచ్చు లేచి ఆయన కుడికంటిలో పడెను. కన్ను చీముపట్టెను. ఆసుపత్రిలో చేర్చుకొని పరీక్షింపగా, మూత్రములో చక్కెర కనబడెను. వయస్సు 28 సంవత్సరములు. కన్ను మానెను గాని ఆ కంటిచూపు మరల సరిగా రాలేదు. శస్త్రవైద్యమునకు స్వస్తి చెప్పవలసివచ్చెను.

మొదటి రకపు మధుమేహమనగా నేమో ఇచ్చట కొంత చెప్పవలయును. మన పొట్టలో జీర్ణకోశము వెనుక క్లోమమను గ్రంథి గలదు. అందులోని కొన్ని కణములు ఇన్సులినను రసమును రక్తములోనికి వదలును. మనము తిన్న అన్నము, రొట్టె, బెల్లము చక్కెరగా మారి రక్తములో చేరినప్పుడు, ఆ చక్కెర కండరములలోనికి ప్రవేశించి బలమగుటకు ఈ రసము తాళపుచెవి వంటిది. మొదటి రకములో శరీరపు రక్షణశక్తియే పొరపడి ఆ కణములను నాశనము చేయును. ఇది మిఠాయిలు తినుటవలన వచ్చినది కాదు, తలిదండ్రుల అజాగ్రత్తవలన వచ్చినది అంతకంటె కాదు. తాళపుచెవి పోయిన పిమ్మట చక్కెర రక్తములోనే నిలిచిపోయి మూత్రములో కొట్టుకొనిపోవును. శరీరము కండరములను, క్రొవ్వును కరగించుకొని తినును. క్రొవ్వు కరగినకొలది ఎసిటోను మొదలగు విషములు పుట్టును. రోగి స్పృహ తప్పి మరణించును.

1920లో దీనికి మందు లేదు. అమెరికా వైద్యుడు ఆలెనుగారు కనిపెట్టిన ఉపవాసచికిత్స మాత్రముండెను. ఏది తిన్నను చక్కెరయగును గనుక, తిండియే తగ్గించివేయుట ఆ చికిత్స. రోగి ఎముకల గూడై, చావును కొన్ని నెలలు, అదృష్టము బాగున్నచో ఒకటి రెండు సంవత్సరములు వెనుకకు నెట్టుకొనును. లారెన్సుగారు ఆ కఠిన పథ్యముననే ఉండి, అదే ఆసుపత్రిలోని రసాయన పరీక్షాశాలలో హారిసనుగారను వైద్యుని క్రింద పనికి కుదిరి, ఆ నీరసములోనే పరిశోధన చేసి ఎం. డి. పట్టమునకు వ్యాసము వ్రాసిరి.

అయినను తనకు మిగిలిన దినములు కొలదియేయని ఆయన ఎఱుగును. ఇంట మరణించి కన్నవారికి ఆ దృశ్యమును చూపుట ఇష్టము లేక, ఇటలీ దేశములోని ఫ్లారెన్సు నగరమునకు పోయి వైద్యవృత్తి సాగించిరి. మరణించుటకు పరదేశమునకు పోయి, అచ్చట ఇతరులకు మందులిచ్చుచు కూర్చున్న ముప్పది యేండ్ల యువకుని మనస్సు ఎట్లుండెనో మేము ఊహింపజాలము. 1922వ సంవత్సరాంతమున వచ్చిన చలికాలములో ఆయనకు శ్వాసనాళముల జబ్బు తగిలెను. దానితో మధుమేహము విజృంభించెను. కాళ్ల నరములు చెడి నడక కష్టమయ్యెను.

ఇంతలో సముద్రమునకావల కెనడా దేశపు టొరాంటో నగరములో ఒక మహాకార్యము జరిగిపోయినది. బాంటింగు, బెస్టు అను యువకులు, మాక్లియోడ్ ఆచార్యుని పరీక్షాశాలలో 1921లో క్లోమమునుండి ఇన్సులినును తీసిరి. కాలిప్ అను రసాయనశాస్త్రజ్ఞుడు దానిని శుద్ధిచేసెను. 1922 జనవరి 11వ తేదీన లియొనార్డ్ థామ్సన్ అను 14 ఏండ్ల బాలునకు మొదటి సూది వేసిరి. అది అంతగా పనిచేయలేదు. అదే నెల 23వ తేదీన శుద్ధిచేసిన మందుతో మరల ఆరంభింపగా బాలుడు తేఱుకొనెను. దానిని కనిపెట్టినవారు పేటెంటు హక్కును తలకొక డాలరునకు విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసిరి.

1923వ సంవత్సరారంభమున ఆ మందు కింగ్స్ కాలేజి ఆసుపత్రికి చేరెను. హారిసనుగారు ఫ్లారెన్సునకు తంతి నంపిరి: మందు దొరకినదనియు, అది పనిచేయుచున్నదనియు, వెంటనే తిరిగి రావలయుననియు దాని సారాంశము. లారెన్సుగారు మోటారు బండిలో ఐరోపా ఖండమును దాటి, ఎంతో శ్రమపడి మే నెల 28వ తేదీన ఆసుపత్రి చేరిరి. పరీక్షలు ముగిసిన పిమ్మట 31వ తేదీన ఆయనకు మొదటి సూది పడెను. రెండు నెలలలో లేచి తిరుగగలిగిరి. ఆ ఆసుపత్రిలోనే రసాయన పరీక్షావైద్యునిగా నియమింపబడిరి. అప్పటినుండి 45 సంవత్సరములు ఇన్సులినుతోనే జీవించిరి.

ఆయన గొప్పతనము బ్రదికి బయటపడుటలో లేదు. ఆ యేడు బ్రదికినవారు వేలకొలది గలరు. ఆసుపత్రి గడప దాటి ఇంటికి పోయిన రోగికి మఱునాటి ఉదయమున ఎదురగు ప్రశ్నను తన ప్రశ్నగా తీసికొనుటలో ఉన్నది. ఎంత తినవలయును? ఎంత మందు వేసికొనవలయును? ఇన్సులిను తక్కువైనచో చక్కెర పెరుగును. ఎక్కువైనచో చెమటలు పట్టి, చేతులు వణకి, మతి తప్పి పడిపోవును. ఆరోగ్యవంతుని క్లోమము ఈ లెక్కను క్షణక్షణము తానే వేసికొనును. రోగి దానిని తలతో వేయవలయును. ఆ లెక్క వైద్యుని బల్లపై కాక రోగి వంటయింటిలో జరుగవలయునని లారెన్సుగారు పట్టుపట్టిరి. 1925లో మధుమేహజీవితమును గుఱించి ఒక గ్రంథమును, 1929లో ఇంకను సులభమైన చిన్న పుస్తకమును ప్రకటించిరి. మొదటిది వైద్యులకును రోగులకును కలిపి వ్రాసినది. వైద్యుడు చదువు పుస్తకమునే రోగి చేతికిచ్చుట ఆ దినములలో కొందఱకు అపచారముగా తోచియుండవచ్చును. మాకు మాత్రము ఉపాధ్యాయుని పని అదియే యనిపించుచున్నది.

ఆయన యేర్పఱచిన పథ్యమును వరుసల పథ్యమనవచ్చును. అది ఇట్లుండును. కాగితముపై రెండు పట్టికలు: ఒకటి నల్లసిరాతోను, రెండవది ఎఱ్ఱసిరాతోను. నల్లపట్టికలోని ప్రతి వంతులోను 10 గ్రాముల పిండిపదార్థమో చక్కెరయో ఉండును. సుమారు 20 గ్రాముల రొట్టె ఒక వంతు. ఒక గిన్నెడు పాలు ఒక వంతు. ఎఱ్ఱపట్టికలోని ప్రతి వంతులోను ఏడున్నర గ్రాముల మాంసకృత్తులును 9 గ్రాముల క్రొవ్వును ఉండును. నల్లది ఒకటి, ఎఱ్ఱది ఒకటి చేరిన ఒక వరుస. వైద్యుడు పూటకిన్ని వరుసలని నిర్ణయించును. ఆ హద్దులో రొట్టె బదులు బంగాళాదుంప, దాని బదులు పండు, రోగి తన యిష్టము చొప్పున మార్చుకొనవచ్చును. లెక్కయే యజమానుడు, వస్తువు కాదు. అన్నమును త్రాసులో తూచుకొనవలసినదే. అయినను ఉపవాసపు ఎముకల గూళ్లను చూచినవారికి ఈ త్రాసు స్వాతంత్ర్యముగానే తోచియుండును.

రక్తమును ఇంట పరీక్షించు సాధనము లప్పుడు లేవు. మన ప్రయోగశాలలో విద్యార్థులు చేయు బెనెడిక్టు పరీక్షయే వారికి దిక్కు. నీలిరంగు ద్రావకములో కొన్ని చుక్కల మూత్రమును వేసి మరిగింపగా, నీలముగనే యున్నచో చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుకరంగు క్రమముగా ఎక్కువ చక్కెరకు గుఱుతులు. ఈ రంగులు కొన్ని గంటల వెనుకటి సంగతినే చెప్పును. ఆ క్షణమున రక్తములో నేమున్నదో చెప్పవు. అంత మసక వెలుతురులో త్రోవ చూపిన వారాయన. వ్యాయామము ఇన్సులిను పనిని హెచ్చించునని 1926లో ప్రకటించిన వ్యాసమున చూపిరి. హాకీ ఆడినవానికి తోచవలసిన ప్రశ్నయే గదా! ఇప్పుడు మన బాలుడు బంతియాటకు పోవు దినమున మందు తగ్గించుకొనుటకు మూలము ఆ పరిశీలనలలోనిదే.

ఆయన రోగులలో ప్రసిద్ధ ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్సుగారొకరు. వీరిరువురును 1934లో మధుమేహుల సంఘమును స్థాపించిరి. ధనవంతుడు మందు కొనగలడు, కూలివాడు కొనలేడు. వైద్యుని పొగడ్తకు గాక రోగులు తమలో తాము సహాయము చేసికొనుటకు సంఘముండవలయునని వారి తలంపు. 1935 జనవరిలో సంఘపు పత్రిక వెలువడెను. అందులో పేరు లేకుండ వచ్చిన వ్యాసములనేకములు లారెన్సుగారివే. రెండవ యుద్ధకాలమున ఆహారమునకు రేషను పెట్టినప్పుడు, మధుమేహులు తమ చక్కెర వంతును వదలుకొని బదులుగా వేఱు ఆహారమును అదనముగా పొందు ఏర్పాటు ఆ దేశమున జరిగినది. ఆ సంఘమే 2000వ సంవత్సరమున డయాబెటిస్ యూకే అని పేరు మార్చుకొని నేటికిని పనిచేయుచున్నది. 1950లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య ఏర్పడగా దానికి మొదటి అధ్యక్షులు లారెన్సుగారే.

1951లో ఆయనయు, బోర్న్‌స్టీనుగారను పరిశోధకుడును కలిసి రోగుల రక్తములో ఇన్సులిను ఉన్నదా యని వెదకిరి. బక్కపలుచని పడుచువారి రక్తములో అది కనబడలేదు. వయస్సు మళ్లిన స్థూలకాయులలో కొంత కనబడెను. ఒకే పేరుతో పిలుచుచున్న జబ్బు రెండు విధములని దీనివలన బలపడెను. మన వసతిగృహపు బాలుని జబ్బును, వాని తాతగారి జబ్బును ఒకటిగా తలంచి, తాతగారికి చెప్పిన పథ్యమునే బాలునకు చెప్పువారు ఇప్పటికిని గలరు. మేమును అట్టివారిలోనివారమే.

లారెన్సుగారు 1928లో డొరీన్ నాన్సీ బాట్సన్ అను ఆమెను వివాహమాడిరి. వారికి ముగ్గురు కుమారులు. కన్నవారి కన్నుల యెదుట చావకూడదని పరదేశమునకు పోయినవాడు కుమారులను పెంచి పెద్దచేసి, 1968 ఆగస్టు 27వ తేదీన లండనులో తన యింటనే, 75 సంవత్సరముల వయస్సున కన్నుమూసెను.

ఇక అరిసె మాట. లారెన్సుగారి వరుసలు మిఠాయి తినుటకు పిలుపులు కావు. పూటకిన్ని వరుసలని కట్టడి చేసి, మందును దానికి సరిపెట్టుట ఆయన పద్ధతి. జర్మనీలోని బ్రెస్లా నగరమున స్టోల్టె అను పిల్లల వైద్యుడు ఆ రోజులలోనే దీనిని తలక్రిందులు చేసి, బాలుడు తినదలచిన దానికి మందును సరిపెట్టవలయుననెను. అతని మాటను చాలమంది వినలేదు. చాలకాలమునకు ఆ త్రోవయే నిలిచినది. అట్లు పెద్దలకు శిక్షణ నిచ్చి ఫలితమును పరీక్షించిన డాఫ్నె అను ఆంగ్లదేశపు ప్రయత్నము 2002లో ప్రకటింపబడెను. అది జరిగిన మూడు స్థలములలో కింగ్స్ కాలేజి ఆసుపత్రి యొకటి. అందులో వాడిన కొలత ఏది? పిండిపదార్థము 10 గ్రాములు ఒక వంతు. నల్లసిరా పట్టిక పోయినను వంతు పోలేదు.

ఎఱ్ఱసిరా పట్టిక సంగతి ఇంకను చిత్రము. మిఠాయిలో చక్కెరతో బాటు నెయ్యియో, నూనెయో దండిగా నుండును. క్రొవ్వు జీర్ణకోశమును నెమ్మదిగా ఖాళీ చేయించును; పైగా కొన్ని గంటలు ఇన్సులిను పనిని మందగింపజేయును. కావున పంచదార నీళ్లు త్రాగినప్పుడు అరగంటలో పెరుగు చక్కెర, మైసూరుపాకు తిన్నప్పుడు మొదట ఊరకుండి, మూడు నాలుగు గంటలకు, ఒక్కొక్కప్పుడు ఐదు గంటలకు పెరిగి కూర్చుండును. పూర్వపు సాదా ఇన్సులిను అరగంటకు మేల్కొని ఆరు గంటలకు పైగా పనిచేయుచుండెను గనుక క్రొవ్వు తిండికి కొంత తోడుగా నడిచెడిది. 1996నుండి వచ్చిన త్వరిత ఇన్సులినులు పదిపదునైదు నిమిషములలో మొదలిడి మూడు నాలుగు గంటలలో చాలవఱకు ముగియును. అన్నమునకు అవి మేలు. అరిసెకు మాత్రము మందు ముందు పరుగెత్తును, చక్కెర వెనుక వచ్చును. 2013లో అమెరికాలోని జాస్లిన్ సంస్థవారు ఏడుగురు పెద్దలకు ఒకే పరిమాణము పిండిపదార్థము గల రెండు భోజనములను, ఒకదానిలో 10 గ్రాముల క్రొవ్వును, రెండవదానిలో 60 గ్రాముల క్రొవ్వును పెట్టి చూచిరి. క్రొవ్వు భోజనమునకు సగటున 42 శాతము ఎక్కువ ఇన్సులిను కావలసివచ్చెను. అయినను మనిషికి మనిషికి భేదము చాల ఎక్కువగా నుండెను. ఎఱ్ఱపట్టికను విడిగా వ్రాసినవాడు ఇది విన్నచో సంతోషించునని మా నమ్మకము.

గత నవంబరులో మన వంటవానితో కలిసి ఆ బాలుడును మేమును అరిసెలను తూచితిమి. ఒక కిలో బియ్యపు పిండిలో పిండిపదార్థము సుమారు 800 గ్రాములు. ముప్పాతిక కిలో బెల్లములో సుమారు 675. వచ్చినవి 50 అరిసెలు. అనగా ఒక్కొక్క అరిసెకు దాదాపు 30 గ్రాములు, లారెన్సుగారి లెక్కలో మూడు నల్ల వంతులు. నూనెను వేయింపక ముందును, వేయించి అరిసెల నొత్తి పిండిన తరువాతను తూచగా 400 గ్రాములు తగ్గియుండెను. అరిసెకు 8 గ్రాములు. ఈ నూనె తూచు ఆలోచన బాలునిదే. గణితములో వాడు ఎప్పుడును ఇంత ఉత్సాహము చూపలేదు.

వైద్యుని అనుమతితో, భోజనముతో కలపకుండ ఒక సాయంకాలము రెండు అరిసెలు తినెను. వానికి వైద్యుడు నిర్ణయించినది 12 గ్రాములకు ఒక యూనిట్. ఇది వానికి మాత్రమే, వేఱొకరికి కాదు. 60 గ్రాములకు 5 యూనిట్లు ఒకేసారి వేసికొనెను. గంటన్నరకు చేతులు వణకెను. చూడగా చక్కెర 64. గ్లూకోజు పొడి నిచ్చితిమి. ఐదవ గంటకు చూడగా 241. గ్లూకోజువలన కొంత, నూనెలో తడిసిన పిండి ఆలస్యముగా కరగుటవలన కొంత. మా గుండె జారెను గాని బాలుడు మాత్రము ఆ రెండు అంకెలను నోటు పుస్తకములో వ్రాసికొని, వైద్యునకు చూపించుడనెను.

ఇచ్చట ఒక మాట ఉపాధ్యాయులందఱును జ్ఞాపకముంచుకొనవలయును. చక్కెర 70కి తగ్గి చేతులు వణకునప్పుడు చాక్లెట్టో, లడ్డో ఇయ్యకూడదు. అందులోని క్రొవ్వే చక్కెరను ఆలస్యము చేయును. మూడు చెంచాల చక్కెరనో గ్లూకోజునో నీటిలో కలిపి యిచ్చి, 15 నిమిషములు ఆగి మరల పరీక్షింపవలయును. స్పృహ లేనివాని నోటిలో ఏమియు పోయక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలయును. మన కార్యాలయపు బీరువాలో మొదటి అరలో గ్లూకోజు పొట్లము ఎల్లప్పుడును ఉండును. తాళము వేయుట లేదు.

వైద్యుడు మోతాదును రెండుగా విభజించెను: తినుటకు ముందు 3 యూనిట్లు, గంటన్నరకు రక్తము చూచుకొని 2 యూనిట్లు. పంపు అను యంత్రము గలవారికి ఆ యంత్రమే మందును కొన్ని గంటలపాటు సన్నగా వదలునట. మన బాలునకు ఆ యంత్రము లేదు, సూది కలము గలదు. వారము గడిచిన పిమ్మట మరల రెండు అరిసెలు. గంటన్నరకు 142, మూడవ గంటకు 176, ఐదవ గంటకు 158.

డిసెంబరు విందునాడు వాడు అందఱితో బాటు పంక్తిలో కూర్చుండెను. అరిసెలే కాక ఆ దినమున కేకును గులాబి పువ్వులును వడ్డించిరి. కేకును వాడు వలదనెను. మేము కారణమడుగగా, దానిని బజారునుండి తెచ్చిరనియు, ఎవరును తూచలేదనియు చెప్పి, అరిసె చేతికి తీసికొనెను.